గులాబీకి గోనె చొక్కా

హలో… ఆ, నేనే.

… గోతిలో ఉన్నా బావా. నడుం దాకా.

… లేదు, ఇంకా పాత ఇంట్లోనే. సామానంతా పొద్దున్నే కొత్తింటికి వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలినవి గులాబీ చెట్టు, గోడ గడియారం, మీ చెల్లి.

… ఎక్కడేమిటి, మెట్టు మీద. గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేనేదో గులాబీని దొంగిలిస్తున్నట్టు చూస్తోంది.

… ఇవ్వను. ఫోను ఇస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పొద్దుట్నుంచి ఒకటే మాట. గులాబీ ఆ ఇంట్లో అడుగు పెట్టాకే తను పెడుతుందట. అదీ బతికుండగా.

… గులాబీ బతికుండగా. నా సంగతి ఎవరడిగారు?

… అవును, వదిలేసి పోదామనే అన్నా. ఆ ఒక్క మాటకే ఈ గొయ్యి. ఇంటాయన రేపు దీన్ని పీకించి ఇక్కడ స్కూటరుకి రేకుల పందిరి వేయిస్తాడట. అది విన్నప్పట్నుంచీ ఇదే వరస. "ఇన్నాళ్ళూ ఈ అద్దె ఇంట్లో గోడకి మేకు కూడా మనది కాదు, నాదన్నది ఈ గులాబీ ఒక్కటే" అంది. మా అన్నయ్య ఇచ్చిన పుల్ల అంది. నీకు గుర్తుందో లేదో, తడిగుడ్డ చుట్టి ఇచ్చావు. జానెడు పుల్ల.

… గుర్తుందా? మరి ఇది ఇంత అవుతుందని ఆ రోజే చెప్పొద్దూ? నర్సరీలో పనిచేసేవాడివి.

… నవ్వు, నవ్వు. గులాబీ ఎండిందనుకో, గడియారం పట్టుకుని సరాసరి మా అన్నయ్య ఇంటికి పోతా అంటోంది.

… ఎన్నాళ్ళకా? గడియారంతో సహా వచ్చే మనిషి ఎన్నాళ్ళకి వస్తుంది బావా?

… ఆఁ. ఇప్పుడు దారికొచ్చావు. ఫోను పెట్టెయ్యకు మరి. పని అయ్యేదాకా ఉండు.

… అడుగు. … పెట్టా, నిన్న సాయంత్రం నీళ్ళు పెట్టా, మట్టి ముద్దకట్టేట్టు. … చుట్టూ తవ్వా. … తెంపా. అడుగు వేరు గడ్డపారతో తెంపా. టక్కుమంది. మీ చెల్లి "అమ్మా" అంది.

… కొమ్మలా? కొమ్మల సంగతి వదిలెయ్.

… వదిలెయ్యమంటున్నా కదా.

… సరే విను. నువ్వు మోకాలెత్తుకి కొట్టెయ్యమన్నావు. నిన్న తనతో అదే చెప్పా. ఎవరి మోకాలు అంది. మా అన్నయ్య మోకాలా, నీదా, నాదా అంది. నీదే అన్నా. పొట్టి మనిషి కదా, చెట్టు బాగా తగ్గుతుందని నా ఆశ. సరేనని లోపలికి పోయి స్టూలు తెచ్చింది. దాని మీదెక్కి నిలబడి, ఇదిగో నా మోకాలు, ఇక్కడికి కొయ్యి అంది.

… ఏం కోస్తాను? ఆ ఎత్తులో రెండు ఎండు రెమ్మలున్నాయి. అవి కోశా.

… మొగ్గలున్నాయి బావా. మనసు రాలేదు. … నాక్కాదు, తనకి.

… సరే, నాకూ కొంచెం.

… హలో? ఎవరికి చెప్తున్నావు? … నిమ్మ మొక్కేంటి? నేను నిమ్మ మొక్క అడగలేదే?

… ఓ, కస్టమరు. చూసుకో, చూసుకో. నేనిక్కడే ఉంటా. గోతిలోంచి ఎక్కడికి పోతాను.

…

… ఆ, ఉన్నా. కొనిందా? … కొనకుండా వింటోందా? ఏం వింటోంది? … మనం మాట్లాడేదా! స్పీకర్లో పెట్టావా బావా?

… మట్టి రెండు చేతుల్నిండా ఉంటే పెట్టాల్సిందేలే. సరే, నిమ్మ మొక్క ఆవిడకి నమస్కారం చెప్పు.

… గోనె చుట్టలేదు. కుట్టాను.

… చొక్కానే. కొలత తీసి. … నవ్వకు. చుట్టడం ఎవడైనా చుడతాడు. దర్జీ వాడికి గోనె ఇచ్చి, మట్టిముద్ద చూపించి, ఊరికే చుట్టుకో అంటే చెయ్యి ఊరుకుంటుందా? నిన్న మధ్యాహ్నం చుట్టూ గీత గీసి, టేపు పెట్టి కొలిచా. పైన ఇంత, నడుం ఇంత, కింద ఇంత. నడుం దగ్గర రెండు టక్కులు కూడా వేశా. తీరా ఇవాళ తొడిగితే పట్టలేదు.

… నీళ్ళు తాగి లావెక్కింది. కొలతలిచ్చి వెళ్ళాక లావెక్కేవాళ్ళు నాకు కొత్త కాదులే. పక్కన ఒక ముక్క కలిపా. ఇప్పుడు చూడాలి, ఎలా అతికినట్టుందో.

… దబ్బనంతో. పురికొస రెండు పేటలు. గొలుసు కుట్టు వేశా, గట్టిగా బిగుస్తుందని. ఇదిగో, ఆఖరి ముడి పడింది.

ఉండు బావా, ఇస్త్రీ ఆయన వచ్చాడు బండి తోసుకుంటూ. ఎత్తాలి. నేనూ స్పీకర్లో పెట్టి ఫోను జేబులో వేసుకుంటా… వినపడుతోందా? … బ్రహ్మాండంగా వినపడుతోంది. ఇదే ఆ చారల చొక్కా. చూశావు కదా నువ్వు, చారకి చార కలిపి కుట్టుకున్నది? జేబు ఎక్కడుందో ఒక్కోసారి నాకే దొరకదు. … బడాయి కాదు. పనితనం.

అన్నా, ముందు బండి మీంచి ఆ ఇస్త్రీ పెట్టె దించు. వేడి మీదుంది, గోనె కాలుతుంది.

… "చొక్కా కుట్టాక ఇస్త్రీ చెయ్యొద్దా" అంటున్నాడు బావా. ఈయనొకడు నాకు.

పట్టన్నా. అటు నువ్వు, ఇటు నేను. … ఒకటి, రెండు… హుఁ! … కదిలింది! లేచింది! లేచింది బావా!

… ఆగన్నా. ఆగు. నేనూ లేస్తున్నా.

… వేళాకోళం కాదు. చెట్టుతో పాటు నేను కూడా లేస్తున్నా. దించు, దించు, దించు!

… ఉండు, చూస్తున్నా… ముల్లు పట్టిందేమో అనుకున్నా… ముల్లు కాదు.

… చొక్కా అంచు. … నాదే. నా చొక్కా అంచు గోనెకి కలిపి కుట్టేశాను.

… ఎలాగేమిటి? గోతిలో వంగి, కడుపు దాని మీద ఆనించి కుట్టా మరి. రెండు గుడ్డలు పక్కపక్కన దొరికితే నా చెయ్యి ఆగదు.

… ముందు గుండీ దగ్గర్నుంచి వెనక దాకా. … ఆ, కుట్లయితే వరసగానే పడ్డాయి. ఒక్కటి వంకర లేదు.

… తెంపకూడదు! గొలుసు కుట్టు బావా. ఒకచోట తెగిందంటే మొదలు దాకా సర్రున ఊడొస్తుంది. గోనె విడిపోతుంది, మట్టి రాలుతుంది, వేళ్ళు తేలతాయి, మీ చెల్లి మీ ఇంటికొస్తుంది.

… కదా. నేనూ అదే అనుకున్నా. తెంపొద్దు.

… చొక్కా కత్తిరించాలా? కత్తెర కొత్తింటికి పోయింది, కుట్టుమిషను డ్రాయర్లో. ఉన్నా ఈ చొక్కానా? చారలు కలిసిన చొక్కా.

… విప్పొచ్చు. విప్పి ఎలా వెళ్ళను? వీధిలో అందరూ నా కస్టమర్లే. దర్జీకే చొక్కా లేదంటే రేపు నాకు గుడ్డ ఎవరిస్తారు? పక్క వీధే కదా, బండి పక్కనే నడిచిపోతా.

… నవ్వింది. మీ చెల్లే. … లేదు, ఆపేసింది. నేను చూశానని.

అన్నా, మళ్ళీ పట్టు. ఈసారి ముగ్గుర్నీ ఎత్తుతున్నాననుకో. చెట్టుని, మట్టిని, నన్ను… హుఁ… బండి మీద పడింది. తొయ్యి.

… ఆ, బయల్దేరాం. ఇస్త్రీ ఆయన తోస్తున్నాడు. బండి మీద గులాబీ, దాని పక్కన నేను. వెనక గడియారం పట్టుకుని మీ చెల్లి.

… ఊరేగింపే. బాజాలొక్కటే తక్కువ.

ఆయ్, మెల్లగా అన్నా, గుంత!… ఏం లేదు బావా, చెవి. చెవిలో గుచ్చుకుంది. పుల్ల ఇచ్చిన రోజు ఈ ముళ్ళ మాట కూడా చెప్పలేదు నువ్వు.

… ష్. ఎదురుగా లెక్కల మాస్టారు.

నమస్కారం మాస్టారూ. … ఆ, మీ ప్యాంటు రేపు ఇస్తా. గుండీ ఒక్కటే ఉంది. … ఇదా? గులాబీ అండీ. ఇల్లు మారుతోంది. … నేనా? ఊరికే. తోడు వెళ్తున్నా.

… పోయాడు. వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు. నువ్వు చెప్పేది చెప్పు, వింటున్నా. ఒక చెవి ఇంకా బాగానే ఉంది.

… తవ్వా, కొత్త గొయ్యి నిన్ననే తవ్వా. వెడల్పు, లోతు, అన్నీ టేపుతో కొలిచా. … తెలుసు, ఇక్కడ ఎంత లోతున ఉందో అక్కడా అంతే లోతున ఉండాలి. కాండం మీద సుద్దతో గీత పెట్టా. నేల ఆ గీత దగ్గరికి రావాలి.

… నీళ్ళు? … రెండు బకెట్లు. … ఆగకుండా. … ఓహో, మధ్యలో ఆపితే వేళ్ళ దగ్గర గాలి ఉండిపోతుందా? … ఎవరు ఆపమన్నా ఆపకూడదు. సరే.

ఇదిగో, విన్నావా? చెట్టు పెట్టగానే రెండు బకెట్లు. ఎవరు ఆపమన్నా ఆపొద్దంటున్నాడు మీ అన్నయ్య.

… విందట. రెండుసార్లు తలూపింది కూడా. నువ్వు చెప్తే తలూపుతుంది. నేను చెప్తే స్టూలు తెస్తుంది.

… నిమ్మ మొక్క ఆవిడ ఇంకా ఉందా? … పాపం, ఆవిడకి ఇంటి దగ్గర పనేం లేదా?

వచ్చేశాం బావా. ఇదిగో మన ఇల్లు. గేటు తీస్తున్నాడు. … తొయ్యన్నా. … ఇంకొంచెం ఎడమకి. … వెనక్కి. … కుడికి.

…

బావా.

… ఏం లేదు. నేను కొలవనిది ఒకటుంది.

… గేటు.

… మట్టి కొలిచా, గొయ్యి కొలిచా, కాండం కొలిచా. గేటు కొలవలేదు. తల దూరని మెడ పెట్టి చొక్కా కుట్టినట్టయింది నా పని.

… బండి పడుతుంది. మట్టి పడుతుంది. కొమ్మలే, అటు జానెడు, ఇటు జానెడు. మోకాలెత్తుకి కొట్టేసి ఉంటే పట్టేది. ఆ మోకాలు ఇక్కడే నిలబడి ఉంది, కావాలంటే అడుగు.

… గోడ మీంచా? నాతో సహానా?

… ఎవరు, నిమ్మ మొక్క ఆవిడా? ఏమంటోంది? … కొమ్మలన్నీ దగ్గరికి చేర్చి గుడ్డ చుట్టి బిగించమంటోందా. ఆఁ. నడుం సన్నం చెయ్యాలి. అది నా పనే! ఆవిడకి ఒక జాకెట్టు ఊరికే కుడతానని చెప్పు.

అన్నా, నువ్వు పక్కనుంచి దూరి లోపలికి పో. వరండాలో మూటలున్నాయి. దుప్పటి లాంటిదేదైనా పట్రా, త్వరగా.

… మీ చెల్లి రాదు. గేటు బయటే నిలబడింది, వీధిలో. గులాబీ దాటాకే దాటుతుందట. గడియారాన్ని కూడా దాటనివ్వట్లేదు.

… ఆ, వస్తున్నాడు. ఏదో తెచ్చాడు. … అన్నా, అదేంటి? … దుప్పటి కాదన్నా అది.

… శాలువా బావా. పట్టు శాలువా, ఆకుపచ్చది. … నువ్వు కొనిచ్చిందేనా? … మెత్తగా ఉంది, కొమ్మలకి దెబ్బ తగలదు అంటున్నాడు. తనే ఇస్త్రీ చేశాడట, దాని మెత్తదనం తనకి తెలుసట. వద్దన్నా. చుట్టొద్దు. దూరంగా పెట్టు. ముళ్ళ మీదకి తే— అన్నా, చుట్టొ—

…

… అరిచింది మీ చెల్లే. నీకు అక్కడిదాకా వినపడిందంటే ఇక్కడ ఎలా ఉంటుందో చూసుకో.

… గడియారం నా చేతిలో పెట్టి దూసుకుపోయింది. … ఎలా దూరిందో తెలీదు, బండికీ గేటుకీ మధ్యలోంచి. … లాక్కుంది. … చూస్తోంది. అంచు చూస్తోంది. కుచ్చులు చూస్తోంది. … ఏం కాలేదు. ఒక్క పోగు లేవలేదు.

బావా. గొంతు తగ్గించు, చెప్తా.

… మీ చెల్లి లోపలుంది. గులాబీ బయటుంది.

… అవును. దాటింది. రెండు కాళ్ళూ. … ఇంకా చూసుకోలేదు. … నేను చెప్పను. నాకేం పిచ్చా? ఒక పక్క ముళ్ళు, ఒక పక్క కుట్లు. పారిపోవడానిక్కూడా లేదు.

… చూసుకుంది. కాళ్ళు చూసుకుంది. గేటు చూసింది. గులాబీని చూసింది. ఇప్పుడు నన్ను చూస్తోంది.

… నేనా? నేను టైమెంతయిందో చూస్తున్నా.

… ఇది లెక్కలోకి రాదంటోంది. శాలువా కోసం వచ్చిందట, కాపురానికి రాలేదట. … సరేనన్నాను. ఏం వాదిస్తాను బావా, కుట్టేసి ఉన్నవాణ్ణి.

… ఒక్క మాట అన్నా. ఎలాగూ నువ్వు వచ్చేశావు కదా, దీన్ని వీధిలోనే పెట్టేద్దామా అన్నా. … ఆ చూపు ఫోన్లో రాదు. నీ అదృష్టం.

… లోపలికి పోయింది. … పోనీ, వస్తుందిలే. … వచ్చింది, దుప్పటి తెచ్చింది. పాతదే. తనే చుడుతోంది. … కింద నుంచి చుట్టు. కొమ్మని వంచకు, పైకి లేపి చేర్చు. ఆ, అలా. ఇప్పుడు లాగు. ఇంకొంచెం. నడుం దగ్గర నొక్కిపట్టు… "ఊపిరి బిగబట్టు" అంటోంది బావా…

… చెట్టుతో కాదు, నాతో అంటోంది. బిగబట్టా. … తొయ్యన్నా! … తొయ్యి! … ఆఁ! దాటింది! రాసుకుంటూ దాటింది! ఒక్క మొగ్గ రాల్లేదు బావా! నాది ఒక గుండీ రాలింది, అంతే.

… మీ చెల్లా? ఉండు.

… గడియారం తీసుకుంది నా చేతిలోంచి. గోడకి మేకుందా అని అడిగింది. … ఉందన్నా. నిన్న గొయ్యి తవ్వి, అదే చేత్తో కొట్టా. … మన మేకే. … ఊఁ. లోపలికి పోయి తగిలించి వచ్చింది.

… ఊఁ.

… సరేలే, నువ్వు ముక్కు చీదుకో. నేనిక్కడ దీన్ని దించాలి.

అన్నా, బండి గోతి పక్కకి రానీ. … ఇది దిగితే నేనూ దిగుతా, అదొక్కటే చిక్కు. … చొక్కా విప్పెయ్యమంటోంది మీ చెల్లి. ఇక్కడ గోడ ఉంది, ఎవరూ చూడరంటోంది. … పోనీలే, విప్పేస్తా. గుండీలు తనే తీస్తోంది, నా చేతులు మట్టి. … ఈ చెయ్యి… ఆ చెయ్యి… ముల్లు, ముల్లు… హమ్మయ్య. బయటపడ్డా.

… చొక్కా దానికే. గోనె లోపల చివికి మట్టిలో కలుస్తుందన్నావుగా, ఇదీ కలుస్తుంది. కలవనీ. నా చేత్తో చారలు కలిపి కుట్టిన చొక్కా ఒక గులాబీ తొడుక్కుందంటే మాటలా?

పట్టన్నా. మెల్లగా. వంచకు… గీత చూడు, గీత… దింపు. … ఆఁ! సరిగ్గా నేల దగ్గరికొచ్చింది గీత! ఎంత బాగా కూర్చుంది! ఈ ఇంట్లోనే పుట్టినట్టు కూర్చుంది! … మట్టి లాగన్నా. ఇటు కూడా. కాలితో నొక్కు, మరీ గట్టిగా కాదు.

… ఏంటి? … వినపడట్లేదు. … గట్టిగా చెప్పు.

… నీ గొంతేంటి బావా, గోతిలోంచి వస్తున్నట్టుంది?

…

అన్నా, కాలు తియ్యి. తొక్కొద్దు.

మాట్లాడు బావా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, ఎక్కడున్నావో చూస్తా. … ఇటు కాదు… ఇక్కడా? … కాదు… కింద. గులాబీ కింద.

… జేబు. చొక్కా జేబు. … చెప్పా కదా, ఉన్నట్టే తెలీదని. చారలు అంత బాగా కలిశాయి.

… తీస్తా, తీస్తా. నువ్వు కంగారు పడకు. … నీకేం కాదు, నువ్వు నర్సరీలోనే ఉన్నావు. మట్టిలో ఉంది ఫోను. … నిమ్మ మొక్క ఆవిడకి కూడా చెప్పు, ఏడవొద్దని.

అన్నా, పార ఇటివ్వు. … ఇప్పుడే పెట్టిన చెట్టు మళ్ళీ పీకుతావా అంటున్నాడు. పీకనన్నా, పక్కనుంచి చెయ్యి పెడతా. … ఆ, దూరింది… గోనె తగిలింది… గుండీ తగిలింది బావా, గుండీ! ఇంకొక్క జానెడు…

… చప్పుడా? ఏం చప్పుడు?

… బకెట్టు.

ఇదిగో, ఆగు! పొయ్యకు! మీ అన్నయ్య ఉన్నాడు లోపల! … గులాబీ కింద! … నిజంగా! ఆగవే, ఒక్క నిమిషం ఆగి నా మాట—

… బావా, పోసేస్తోంది! ఎవరు ఆపమన్నా ఆపొద్దని మా అన్నయ్యే చెప్పాడు అంటోంది! నువ్వే చెప్పు! ఆపమని నువ్వు చెప్పు!

… ఇంకా గట్టిగా!

… ఏంటా బుడబుడ? మాట్లాడు బావా, నీళ్ళు మింగుతున్నట్టు చెప్తే తనకెలా వినపడుతుంది?

… అయ్యో, రెండో బకెట్టు కూడా—

బావా? … బా—